గొంగడి కోసం గొర్రెలు పెంచుదామనుకునేవాళ్లకు

మొదటిసారి కత్తిరించిన ఉన్నిని మూట కట్టుకుని పక్క ఊళ్లో గొంగళ్లు నేసే తాత దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన మూట విప్పి వాసన చూశాడు. ఒక పాయ తీసి రెండు చేతులతో బిగబట్టి, చెవి దగ్గర పెట్టుకుని టక్కున గుంజాడు. పుటుక్కున తెగింది. ఇంకోటి తీశాడు, అదీ అంతే, సరిగ్గా నడుమనే తెగింది. "నడుమ జీవాలకు పాణం బాగలేకుండెనా బిడ్డా?" అన్నాడు. నిజమే. అప్పటికి మూడు నెలల కింద మందలో జ్వరాలొచ్చి వారం రోజులు సగం గొర్రెలు మేత ముట్టలేదు. ఆ వారం ఆయన చేతిలో ఉన్న ఆ పాయలో దొరికిపోయింది.

అందుకే ఎవరడిగినా నేను చెప్పే మొదటి మాట ఇదే. ఉన్ని కత్తెర పట్టిన రోజు తయారయ్యేది కాదు. గొర్రె తిన్న ఆకు, పడుకున్న నేల, పడిన జబ్బు అన్నీ ఆరు నెలల పాటు వెంట్రుక వెంట్రుకలో రాసుకుంటూ పోతాయి. మనం ఆ ఆరు నెలలు బాగా చూసుకుంటే కత్తిరించడం చివరి పని మాత్రమే.

రెండో మాట: గొర్రెలు కొనకముందే మగ్గం వెతుక్కోండి. మీ చుట్టుపక్కల గొంగళ్లు నేసేవాళ్లు ఎవరైనా మిగిలారా, ఉన్ని ఏకేవాళ్లు, రాట్నం మీద వడికే పెద్దమ్మలు ఉన్నారా అని ముందు తిరిగి చూసుకోవాలి. తెలంగాణలో ఈ పని ఎక్కువగా కురుమల ఇళ్లలో ఉండేది, ఇప్పటికీ పాలమూరు, నారాయణపేట, మెదక్ వైపు కొన్ని ఊళ్లలో ఉంది కానీ మగ్గం మీద కూర్చునేవాళ్లంతా పెద్దవయసు వాళ్లే. ఆ మనుషులు లేకుండా మన దగ్గర పది మూటల ఉన్ని ఉన్నా అది పెంటకుప్ప మీదికే పోతుంది. చాలా ఊళ్లలో ఇప్పుడు జరుగుతున్నది అదే, ఉన్ని కొనేవాడు లేక కాపర్లు కత్తిరించినందుకు ఎదురు కూలి ఇచ్చి, ఆ ఉన్నిని అక్కడే వదిలేసి పోతున్నారు. చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఏ జంతువు?

వీడియోలు చూసి చాలామంది అంగోరా కుందేళ్లు, మెరీనో గొర్రెలు, అల్పాకాలు అంటారు. అంగోరా కుందేలు చల్లటి కొండ ప్రాంతపు జంతువు, మన దేశంలో కులూ లోయ లాంటి చోట పెంచుతారు, మన ఏప్రిల్ ఎండకు తట్టుకోలేదు. పష్మీనా మేక లడఖ్‌ చలిలో పుట్టింది, ఆ చలి వల్లే దానికి ఆ మెత్తటి లోపలి బొచ్చు వస్తుంది. మెరీనోకు మన ఎండా, తేమా రెండూ పడవు. అల్పాకా సంగతి అసలు వద్దు. మన పీఠభూమికి, మన రాళ్ల నేలకు, మన కరువుకు తయారైన ఉన్ని గొర్రె ఒకటి ఉంది, అది దక్కనీ. మన నల్ల గొర్రె. తెలంగాణ, మహారాష్ట్ర, కర్ణాటకల్లో ఈ జాతి ఉంటుంది. బళ్లారి వైపు వెళ్తే దీన్ని పోలిన బళ్లారి జాతి కూడా కనిపిస్తుంది, అదీ ఉన్ని గొర్రే.

2019 పశుగణన ప్రకారం దేశంలో అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువ గొర్రెలు తెలంగాణలోనే ఉన్నాయి, దాదాపు 1 కోటీ 91 లక్షలు. కానీ మందల్లోకి వెళ్లి చూడండి, ఎక్కడ చూసినా ఉన్ని లేని, పొట్టి వెంట్రుకల నెల్లూరు రకాలే, ముఖ్యంగా జోడిపి. అది ఎత్తుగా ఉంటుంది, తొందరగా బరువొస్తుంది, మాంసానికి మంచి ధర పలుకుతుంది, కాబట్టి కాపరిని తప్పు పట్టలేం. నల్ల గొర్రెలకు కూడా జోడిపి పొట్టేళ్లను కట్టించడంతో రెండు మూడు తరాల్లోనే ఉన్ని పోయింది. అందుకే మంచి ఉన్నిగల దక్కనీ కావాలంటే వెతుక్కోవాలి.

వెతికేటప్పుడు సంతలో కాకుండా మందలోనే చూసి కొనండి. నేను మొదటిసారి ఒక మధ్యవర్తి మాట నమ్మి సంతలో ఎనిమిది కొన్నాను. అప్పుడే కత్తిరించి ఉన్నాయి కాబట్టి తేడా తెలియలేదు. నాలుగు నెలలు గడిచాక చూస్తే అందులో మూడు గొర్రెలకు వీపు మీద తప్ప ఉన్ని లేదు, పొట్ట, మెడ కింద అంతా నున్నగా ఎర్రటి వెంట్రుకలే. కత్తిరించిన గొర్రెను ఉన్ని కోసం కొనొద్దు, కనీసం రెండు మూడు అంగుళాల ఉన్ని ఉన్నప్పుడే చూడాలి. భుజం దగ్గర, నడుము పక్కన, తొడ మీద మూడు చోట్ల వేళ్లతో పాయలు విడదీసి చూడండి. మూడు చోట్లా దాదాపు ఒకే రకంగా ఉంటే మంచిది. తొడ మీద గరుకైన, విరిగే, సుద్దలాంటి వెంట్రుకలు ఎక్కువ ఉంటే ఆ ఉన్ని వడకడానికి రాదు, రంగూ పట్టదు. రంగు విషయంలో వెంట్రుక కొన చూసి నిర్ణయించకండి, ఎండకు కొనలు గోధుమ రంగుకు తిరుగుతాయి. మొదలు దగ్గర చూడండి, అక్కడ కాటుకలా ఉంటే అదే అసలు రంగు. పళ్లు కూడా చూసుకోవాలి. ముందు రెండు పెద్ద పళ్లు వచ్చినవి, నాలుగు పళ్లవి తీసుకుంటే మన దగ్గర ఇంకా నాలుగైదు ఈతలు ఈనుతాయి.

పొట్టేలు విషయంలో పిసినారితనం వద్దు. మందలో సగం అదే. నిండా ఉన్ని ఉన్న, పొట్ట కింద కూడా ఉన్ని ఉన్న నల్ల పొట్టేలు ఒకటి 20 నుంచి 25 ఆడ గొర్రెలకు సరిపోతుంది. దాని పిల్లలు ఎదకొచ్చే లోపు, అంటే రెండేళ్లకు ఒకసారి, దాన్ని మార్చేయాలి. లేకపోతే తండ్రీ కూతుళ్లు కలిసి పిల్లలు బలహీనంగా పుడతాయి. వేరే ఊరి కాపరితో మార్చుకోవడం అన్నిటికంటే సులువు.

లెక్క సరిగ్గా చూసుకోండి

ఇక్కడ దాపరికం లేకుండా చెప్తాను. దక్కనీ గొర్రె ఒక్కో కత్తిరింపుకు పావుకిలో నుంచి, బాగా ఉంటే అరకిలో దాకా ఇస్తుంది, అదీ ఏడాదికి రెండుసార్లు. 20 ఆడ గొర్రెలు, ఒక పొట్టేలు ఉన్న మందలో నాకు ఏడాదికి సుమారు 12 కిలోల పచ్చి ఉన్ని వస్తుంది. అందులో మట్టి, పల్లేరుకాయలు, పొట్ట కింద పనికిరానిది పోగా ఎనిమిది కిలోలు మిగులుతుంది. గొంగడి ఒక్కటికి మూడు కిలోల దాకా పడుతుంది. అంటే ఏడాదికి రెండు, మహా అయితే మూడు గొంగళ్లు. దీని మీద ఇల్లు గడవదు. ఇల్లు గడిచేది గొర్రెపిల్లలు అమ్మితే, మంద కడితే. కోత అయిన చేలల్లో ఎరువు కోసం రాత్రిపూట మంద కట్టడానికి రైతులు పిలుస్తారు, పాలమూరులో అది ఇప్పటికీ నడుస్తోంది, డబ్బో ధాన్యమో ఇస్తారు. మీకు సొంత చేను ఉంటే ఇక ఆ ఎరువు మీదే. ఉన్ని దాని మీద అదనం. కానీ ఆ అదనం కోసం మీరు పెట్టేది వేరే మేత కాదు, వేరే నేల కాదు. కొంచెం శ్రద్ధ మాత్రమే.

మాకున్నది ఐదెకరాల మెట్ట. కంది, జొన్న వేస్తాం. ఒక అర ఎకరం మేతకు వదిలాను: గట్ల మీద అవిశ, సుబాబుల్, లోపల దశరథ గడ్డి. కొత్తవాళ్లు 20 తో కాకుండా ఐదారు గొర్రెలతో మొదలుపెట్టి ఒక ఏడాది, అంటే రెండు కత్తిరింపులు, ఒక వానకాలం చూశాక పెంచుకోవడం మంచిది.

దొడ్డి

ఎత్తైన చోటు, నీళ్లు నిలవని నేల, మొరం పోసి చదును చేసి ఉండాలి. పెద్ద గొర్రెకు 10 చదరపు అడుగుల నీడ లెక్కేసుకోండి, పొట్టేలుకు ఇంకా ఎక్కువ. తూర్పు పడమరలుగా పొడుగ్గా కడితే మధ్యాహ్నం ఎండ లోపలికి కొట్టదు. ఇవన్నీ మాంసపు గొర్రెకూ చెప్పేవే. ఉన్ని గొర్రెకు అదనంగా గుర్తుంచుకోవాల్సినవి వేరే ఉన్నాయి.

మేత తొట్లు కిందకే ఉండాలి. పైన కట్టి వేలాడదీసిన గడ్డి మోపు నుంచి అవి లాక్కుని తింటుంటే దుమ్ము, నలుసులు, జొన్న ఆకు ముక్కలు అన్నీ మెడ మీద ఉన్నిలో పడతాయి, ఆ మెడ ఉన్ని ఇక ఏకడానికి పనికిరాదు. కంది పొట్టు కూడా అంతే, తొట్టిలో పోసి కొంచెం నీళ్లు చిలకరించి పెట్టండి. దొడ్డి చుట్టూ పల్లేరు, ఉత్తరేణి లేకుండా పీకేయాలి. ఉత్తరేణి గింజ ఒకసారి ఉన్నిలోకి ఎక్కితే చేత్తో ఒక్కొక్కటీ తీయాల్సిందే. పూత దశ దాటి గింజ కట్టిన ముల్లుగడ్డి బీళ్లలోకి, కత్తిరింపుకు ముందు నెల రోజులు, మందను తోలకండి. ఆ గింజలు ఉన్నినే కాదు, తోలునూ పొడుస్తాయి.

ఇంకోటి, గుర్తుల కోసం ఆయిల్ పెయింట్, తారు వాడొద్దు. ఎన్ని సార్లు ఉతికినా పోదు. చెవి పోగులు వేయించండి, లేదా జాజు కలిపి నుదుటి మీద పెట్టండి.

మేత

ఒక దక్కనీ ఆడ గొర్రె 25 నుంచి 30 కిలోలు ఉంటుంది. దానికి రోజుకు కిలో దాకా ఎండు పదార్థం, అంటే మేతలో నీరు పోగా మిగిలేది, కావాలి, బయట ఆరేడు గంటలు తిరిగితే వానకాలంలో చాలావరకు దొరికిపోతుంది. వేసవిలో దొరకదు. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా దొడ్డిలో పెట్టడానికి వేరుశనగ కట్టె, కంది పొట్టు, ఎండబెట్టిన అవిశ ఆకు ముందే దాచుకోవాలి. తుమ్మకాయలు ఏరి పెట్టుకుంటే అవీ మంచి దాణానే. ఉన్ని అంటే మాంసకృత్తే. అందులో గంధకం కూడా ఉంటుంది, వెంట్రుక కాలిస్తే వచ్చే ఘాటు వాసన దానిదే. కాబట్టి మాంసకృత్తు ఎక్కువుండే అవిశ, కంది లాంటి పప్పుజాతి మేత తగ్గితే ముందు దెబ్బ తగిలేది ఉన్నికే, పోగు సన్నబడి తెగుతుంది.

అయితే సుబాబుల్ విషయంలో జాగ్రత్త. మాంసపు గొర్రెలవాళ్లు దీన్ని పెద్దగా పట్టించుకోరు కానీ మనకు ముఖ్యం. ఆ ఆకులో మైమోసిన్ అనే పదార్థం ఉంటుంది, అదొక్కటే మేపితే గొర్రెకు ఉన్ని కుదుళ్ల దగ్గర ఆగిపోయి కుచ్చులు కుచ్చులుగా ఊడిపోతుంది. మొత్తం మేతలో మూడో వంతు దాటకుండా మిగతా ఆకులతో కలిపి పెట్టండి.

జొన్న కోసిన చేలల్లో మళ్లీ లేచిన పిలకలు, వానలు ఆగిపోయి వాడిన లేత జొన్న, అదే నాము, మందను దాని దగ్గరికి పోనివ్వకూడదు. అందులో సైనైడ్ విషం ఉంటుంది, పది నిమిషాల్లో గొర్రె పడిపోతుంది. బియ్యం, జొన్నలు, మిగిలిన పెళ్లి అన్నం తట్టలకొద్దీ పెట్టడం కూడా అంతే ప్రమాదం, పొట్ట పులిసి చస్తాయి. ఖనిజ మిశ్రమం గొర్రెలకని రాసున్నదే కొనండి. బర్రెలకు, కోళ్లకు ఇచ్చే దాంట్లో రాగి ఎక్కువ ఉంటుంది, గొర్రె ఒంట్లో ఆ రాగి కార్జంలో పేరుకుపోయి ఒక్కసారిగా విషమవుతుంది. ఉప్పు ఇటుక ఒకటి ఎప్పుడూ వేలాడుతూ ఉండాలి, మంచి నీళ్లు రోజంతా అందుబాటులో ఉండాలి.

చూలుతో ఉన్న గొర్రెలకు చివరి నెలన్నర రోజూ 200 గ్రాముల దాణా అదనంగా ఇవ్వండి. చూలు కాలం 5 నెలలు. పుట్టబోయే పిల్ల తోలులో ఉన్ని కుదుళ్లు తల్లి కడుపులోనే ఏర్పడతాయి కాబట్టి అప్పుడు తల్లిని ఎండగడితే పిల్లకు జీవితాంతం ఉన్ని తక్కువే. పిల్ల పుట్టిన గంటలోపు జున్నుపాలు తాగించడం, బొడ్డుకు అయోడిన్ పెట్టడం మరిచిపోవద్దు.

జబ్బులు

జాబితా పెద్దదే కానీ నేను మూడింటికి భయపడతాను.

చిటుకు రోగం. తొలకరి పడి లేత గడ్డి లేవగానే బాగా తినే, మందలో అందరికంటే బలంగా ఉన్న పిల్లే పొద్దున్నే చచ్చి పడుంటుంది. వానలు రాకముందే, మే నెలలోనే టీకా వేయించేయాలి. మొదటి వానకు కొన్ని రోజులు పొద్దున ఎండు మేత కొంచెం పెట్టి తర్వాత బయటికి వదలండి.

నీలి నాలుక. వానకాలం మధ్య నుంచి చలి మొదలయ్యేదాకా, చిన్న చిన్న కుట్టే దోమల వల్ల వస్తుంది. మూతి, పెదవులు ఉబ్బుతాయి, ముక్కు కారుతుంది, నోట్లో పుండ్లు పడతాయి, కాళ్లు కుంటుతాయి. బతికి బయటపడిన గొర్రెకు కూడా కొన్ని వారాలకు ఉన్ని ఊడిపోవడం చూస్తాం. దీనికి టీకా ఉంది, దోమల కాలానికి ముందే వేయించండి, సాయంత్రం దొడ్డి చుట్టూ వేపాకు పొగ పెట్టండి. జబ్బు చేసినదానికి గంజి, జావ తాగించి నీడన ఉంచి పశువైద్యుణ్ణి పిలవాలి.

మూడోది నట్టలు, అంటే కడుపులో పురుగులు. వానలకు ముందొకసారి, వానల మధ్యలో, వానలు తగ్గాక ఇంకోసారి బరువు చూసి నట్టల మందు తాగించాలి. కంటి కింది రెప్ప విప్పి చూడండి, ఎర్రగా ఉండాలి. పాలిపోయి తెల్లగా ఉంటే, దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతుంటే లోపల రక్తం తాగే నట్టలు నిండిపోయాయని అర్థం. అన్నిసార్లూ అదే మందు కాకుండా డాక్టర్‌ను అడిగి మార్చండి. చెరువు అంచుల్లో బురద గడ్డి మేపితే కార్జంలోకి జలగలు చేరతాయి, దానికి వేరే మందు.

పీపీఆర్ అనే పారుడు రోగం, బొబ్బరోగం, గాలికుంటు టీకాలు మీ ఊరి పశువైద్యశాల వాళ్లు చెప్పిన నెలల ప్రకారం వేయించేయండి.

కత్తిరింపు

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది కదా, నేను ఆ పండుగ దాటాక ఒకసారి, వానల జోరు తగ్గాక దసరాకు కాస్త ముందు ఒకసారి కత్తిరిస్తాను. రెండోది ఇంకా ఆలస్యం చేస్తే డిసెంబరు చలికి ఒంటి మీద ఉన్ని ఉండదు. నిండు చూలు గొర్రెను, జబ్బు నుంచి లేచినదాన్ని ఆ విడత వదిలేయండి.

రెండు మూడు రోజుల ముందు శుభ్రమైన నీళ్లలో గొర్రెలను కడగాలి. మాకు బోరు దగ్గర తొట్టి ఉంది, అక్కడ ఒక్కొక్కదాన్ని నిలబెట్టి చేత్తో పిసుకుతూ మట్టి పోయేదాకా కడుగుతాం, తర్వాత గడ్డి ఉన్న చోట ఆరేదాకా తిప్పుతాం. పూర్తిగా ఆరితేనే కత్తెర. తడి ఉన్ని మూట కడితే రెండు రోజుల్లో వేడెక్కి బూజు పడుతుంది. ముందు రాత్రి నుంచి మేత పెట్టకండి, నిండు పొట్టతో పడుకోబెడితే ఆయాసపడతాయి, పేడ వేసి ఉన్ని పాడు చేస్తాయి.

కింద పాత నూలు దుప్పటి పరచాలి. మూడు కాళ్లు మెత్తటి గుడ్డతో కట్టి పక్కకు పడుకోబెట్టాలి. పొడుగు కత్తెర, పక్కనే సాన రాయి. మొద్దు కత్తెరతో గొర్రెను బాధపెట్టొద్దు. నేను మొదటి రోజు ఉన్నిని గుప్పిట పట్టి పైకి లాగి కత్తిరిస్తుంటే పక్కనున్న తాత నా చెయ్యి ఆపాడు. "ఉన్ని గుంజకు బిడ్డా. ఉన్ని గుంజితే తోలు లేస్తది, తోలు లేస్తే కత్తెర దిగుతది. అరచేత్తో తోలును సాపు చెయ్యి, కత్తెరను తోలు మీద పండబెట్టి నడిపియ్యి." అంతే, కత్తిరింపు మొత్తం ఆ మాటలోనే ఉంది. ఎడమ అరచెయ్యి తోలును వెనక్కి నొక్కి చదును చేస్తూ ముందుకు జరుగుతుంది, దాని వెంటే కత్తెర పడుకుని వస్తుంది. చంక దగ్గర, తొడ గజ్జల దగ్గర, మడతలు పడే మెడ కింద ఇంకా నెమ్మదిగా. ఆడ గొర్రె పొదుగు చన్నులు, పొట్టేలు మూత్రం చోటు ఎడమ చేత్తో కప్పి ఉంచి మరీ కత్తిరించండి.

ముందు పొట్ట కింద, తోక చుట్టూ, కాళ్ల మీద ఉన్నదంతా తీసి పక్కన పడేయాలి, ఆ తర్వాతే ఛాతీ నుంచి పక్కకు, పక్క నుంచి వీపుకు. ఒకసారి కత్తెర పోయిన చోట మెట్లు మెట్లుగా మిగిలితే మళ్లీ దిద్దకండి. అందం కోసం రెండోసారి కత్తిరిస్తే అర అంగుళం తుంపులు రాలి మంచి ఉన్నిలో కలుస్తాయి, అవి నూలులో నిలవవు, గొంగడి నుంచి రాలుతూనే ఉంటాయి. విలాయతీ వీడియోల్లో లాగా మన గొర్రె ఉన్ని దుప్పటిలా ఒక్క ముక్కగా ఊడిరాదు, కుచ్చులుగా పడుతుంది. కాబట్టి పడుతున్నప్పుడే వేరు చేసే మనిషి ఒకరు పక్కన కూర్చోవాలి. మా ఇంట్లో ఆ పని మా అమ్మది: భుజాలు, పక్కలది ఒక కుప్ప, వీపు మీద ఎండకు మాడినది ఒక కుప్ప, తొడలది ఒక కుప్ప, తొలిసారి కత్తిరించిన పిల్లలది విడిగా. ఆ పిల్లల ఉన్ని అన్నిటికంటే నలుపు, అన్నిటికంటే మెత్తన, నేతగాళ్లు దాన్ని చూడగానే చేతిలోకి తీసుకుంటారు.

గాట్లు పడితే వెంటనే వేపనూనెలో పసుపు కలిపి రాయండి, లేకపోతే ఈగలు వాలి పురుగు పడుతుంది. పని అయ్యాక పది పదిహేను రోజులు మధ్యాహ్నపు ఎండకు, వానకు బయట ఉంచొద్దు, మేత కొంచెం పెంచండి. గాయాలు మానాక, ఉన్ని ఇంకా పొట్టిగా ఉండగానే పిడుదులు, పేలకు మందు స్నానం చేయించడం తేలిక. ముందు నీళ్లు తాగించి తర్వాత స్నానానికి దింపాలి. దాహంతో ఉంటే ఆ మందు నీళ్లే తాగేస్తాయి.

ఉన్ని దాచడం, ఇవ్వడం

నేను చేసిన పెద్ద తప్పు ఒకటుంది. మొదటి ఏడాది ఉన్నిని ఖాళీ యూరియా సంచుల్లో నింపాను. ఏకేటప్పుడు చూస్తే తెల్లటి ప్లాస్టిక్ పోగులు ఉన్నిలో కలిసిపోయి ఉన్నాయి, ఒక్కొక్కటీ ఏరడానికి పెద్దమ్మకు రెండు రోజులు పట్టింది. పాత నూలు దుప్పట్లే వాడండి. నేలకు ఆనకుండా ఎత్తు మీద పెట్టి, ఎండిన వేపాకు వేసి, నెలకోసారి విప్పి ఎండకు చూపించండి. మురికి, జిడ్డు ఉన్న ఉన్నికే పురుగు ముందు పడుతుంది.

మళ్లీ కడగాల్సి వస్తే కుంకుడుకాయ రసం కలిపిన గోరువెచ్చటి నీళ్లలో ముంచి వదిలేయాలి, అంతే. రుద్దకూడదు, పిండకూడదు, వేడి నీళ్ల నుంచి తీసి చన్నీళ్లలో వేయకూడదు. ఉన్ని పోగు మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి, వేడికి, రాపిడికి అవి ఒకదానికొకటి లంకె వేసుకుని ముద్దకట్టేస్తాయి, ఇక విడిపోవు. జల్లెడలో వంపి నీడలో ఆరబెట్టండి.

నేతవాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు బేరం ఆడొద్దని నా మనవి. ఉన్ని ఏకాలి, రాట్నం మీద వడకాలి, చింతగింజలు ఉడికించి చేసిన గంజి పోగులకు పట్టించాలి, ఆరబెట్టాలి, అప్పుడు గుంత మగ్గం మీదికి. ఆ చింతగింజల గంజి వల్లే కొత్త గొంగడి అట్టలా బిరుసుగా ఉండి వాన నీటిని దిగనివ్వదు, వాడేకొద్దీ మెత్తబడుతుంది. ఇన్ని చేతుల పనికి రోజు కూలి లెక్కేసి అడిగినంత ఇవ్వండి. కొనేవాళ్లు "పానిపట్టు దుప్పటి మూడొందలకు వస్తుంది కదా" అంటారు. వాళ్ల ముందే ఒక పోగు తీసి అగ్గిపుల్లతో ముట్టించండి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసనొచ్చి, మంట తీయగానే ఆరిపోయి, వేళ్ల మధ్య నలిగే బూడిద మిగులుతుంది. ఆక్రిలిక్ కరిగి గట్టి ఉండలా అవుతుంది. తేడా కళ్లముందే కనిపిస్తే ధర గురించి మళ్లీ అడగరు.

దక్కనీ ఉన్ని గరుకు, ఒంటికి తగిలే స్వెట్టర్లకు పనికిరాదు. గొంగడి, కూర్చునే ఆసనాలు, పరుపు కింద వేసుకునే పట్టాలు, చేతి సంచులు, వీటికి బాగుంటుంది. హైదరాబాదులో గొంగడి బట్టతో బూట్లు కూడా కుడుతున్నారు. ఏదైనా ముందు ఆర్డర్ తీసుకుని, పండగ ముందుకల్లా ఇస్తానని కాకుండా నేతగాడు చెప్పిన తేదీకే ఒప్పుకోండి.

పొట్ట కింది ఉన్ని, తుంపులు, పల్లేరు పట్టినవి పారేయకండి. మా మామిడి మొక్కల పాదుల్లో జానెడు మందం పరిచి పైన మట్టి కప్పుతాం. నిదానంగా కుళ్లి నత్రజని ఇస్తుంది, వేసవిలో తేమ పట్టి ఉంచుతుంది, మొక్కకు నీళ్లు పెట్టే రోజుల మధ్య ఎడం కొంచెం పెంచుకోవచ్చు. మొదలుకు తగలకుండా జానెడు దూరంలో వేయండి, కుక్కలు లాగకుండా పైన నాలుగు రాళ్లు పెట్టండి.